మెడ మీద ఎంత, ఇరుసు మీద ఎంత

నాన్నా,

నిన్న ఫోన్లో నీ మాటలు వింటుంటే నాకూ మీ పెద్దమ్మకూ కడుపు నిండిపోయింది. ఇన్నాళ్ళకు ట్రావెల్ ట్రైలర్ కొన్నావు. పిల్లలకు బంకు మంచాలున్నాయి, కోడలికి చిన్న వంటగది ఉంది, ఇంకేం కావాలి! జూన్‌లో బడులు వదలగానే డాలస్ నుంచి కొలరాడో కొండలకు బయల్దేరతామన్నావు. మీ అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చే సమయం కూడా అదే కాబట్టి వాళ్ళనూ ఎక్కించుకుంటామన్నావు. అంతా బాగుంది. చివర్లో ఒక్క మాట అన్నావు చూడు, "హిచ్ సంగతి డీలరే చూసుకుంటాడు పెదనాన్నా, 600 పౌండ్ల బార్లు పెడతానన్నాడు" అని, అక్కడ నా మనసు ఆగిపోయింది. రాత్రంతా అదే ఆలోచన. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. నింపాదిగా చదువు. వీలైతే కోడలికీ చదివి వినిపించు, ఆ బండి తనూ నడుపుతుంది కదా.

మీ తాతయ్య ఎడ్ల బండి కట్టడం నువ్వు చూడలేదు. తెనాలి దగ్గర మన ఊళ్ళో, కళ్ళంలో ధాన్యం బస్తాలు ఎక్కించాక, ఎడ్లను కట్టే ముందు ఆయన నొగల దగ్గరికి వచ్చి కాడిని రెండు చేతులా ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేస్తే ఒక బస్తా ముందుకు జరపమనేవాడు. అసలు లేవకపోతే ఒకటి వెనక్కి లాగించేవాడు. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడపట్టెడ ఎద్దు గొంతుకు బిగుసుకుంటుంది. ముందు బరువైతే మెడలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. బండిలో ఎన్ని బస్తాలున్నాయన్నది రెండో ప్రశ్న. ఎడ్ల మెడ మీద ఎంత పడుతోంది, ఇరుసు మీద ఎంత పడుతోంది అన్నదే ఆయనకు మొదటి ప్రశ్న. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ట్రైలర్ లాగుతున్న నాకు ఇప్పటికీ అంతకన్నా మంచి ప్రశ్న దొరకలేదు.

నీ ట్రైలర్ ముందు కొస నీ ట్రక్ బాల్ మీద కూర్చుంటుంది. అక్కడ పడే బరువునే టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు అక్కడ పడాలి. నేనైతే 12, 13 దగ్గర ఉంచుకుంటాను. 10కి తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే ట్రక్ వెనక భాగం కుంగుతుంది. వెనక కుంగితే ముందు లేస్తుంది, అసలు ప్రమాదం అక్కడుంది. బాల్ వెనక ఇరుసుకు నాలుగైదు అడుగుల వెనక ఉంటుంది. ఏతం దూలంలాగా, ఆ కొస మీద బరువు పెడితే ఈ కొసన ముందు చక్రాలు తేలికవుతాయి. నీ స్టీరింగ్ ఉన్నది ఆ ముందు చక్రాల మీదే. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేవీ అవే. అవి నేలను గట్టిగా పట్టుకోకపోతే నీ చేతిలో చక్రం ఉన్నట్టే ఉంటుంది కానీ బండి నీ మాట వినదు.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసే పని దీన్ని సరిదిద్దడమే. బాల్ తలకాయ దగ్గర మొదలై ట్రైలర్ ముందున్న ఎ-ఫ్రేము పొడవునా వెనక్కి పోయే రెండు స్ప్రింగ్ బార్లుంటాయి. వాటిని వంచి బిగిస్తే, తోపుడు బండి పిడులు పట్టుకుని ఎత్తినట్టుగా, ట్రక్ వెనక ఇరుసు మీది భారంలో కొంత ముందు ఇరుసుకూ కొంత ట్రైలర్ ఇరుసులకూ వెళుతుంది. బరువు ఎక్కడికీ మాయం కాదు, భుజాలు మారుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో. ఈ హిచ్ పెట్టినంత మాత్రాన నీ ట్రక్ మోత పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు.

అందుకని హిచ్ పేరు అడిగే ముందు కొన్ని అంకెలు తెలుసుకో. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. నువ్వు పంపిన ఫోటోలో 1,520 పౌండ్లని ఉంది. అమ్మినవాడు "11,000 పౌండ్లు లాగుతుంది సార్" అన్నాడని సంబరపడ్డావు. ఆ 11,000 సంగతి వదిలెయ్యి, నీకు ముందుగా అడ్డం వచ్చేది ఈ 1,520. లెక్క చూడు. నువ్వు, కోడలు, పిల్లలిద్దరు కలిసి 430. మీ అమ్మానాన్నలు 300. హిచ్ ఇనుమే 90 దాకా ఉంటుంది. ఇక టంగ్ వెయిట్. బ్రోషర్‌లో ట్రైలర్ ఖాళీ బరువు 5,300, టంగ్ 560 అని వేశాడు. డీలర్ ఆ 560 చూసి 600 బార్లన్నాడు. కానీ నువ్వు ఖాళీ ట్రైలర్ లాక్కుని కొలరాడో పోవు కదా. ముందు కొసన రెండు గ్యాస్ సిలిండర్లు నిండితే దగ్గర దగ్గర 75 పౌండ్లు, బ్యాటరీ వేరే. మంచినీళ్ళు గాలన్‌కు 8 పౌండ్ల పైన ఉంటాయి, 40 గాలన్లంటే 330. బియ్యం, పప్పులు, రెండు కుక్కర్లు, దోసెపెనం, పచ్చళ్ళ సీసాలు, దుప్పట్లు, పిల్లల ఆటసామాను, మడత కుర్చీలు. మన ఇళ్ళలో సర్దుకునే తీరు నాకు తెలుసు. 6,600 కంటే తక్కువ ఉండదు. అందులో నూటికి 13 అంటే 850 పైనే.

కలిపి చూడు. 430, 300, 90, 850. మొత్తం 1,670. స్టిక్కర్ 1,520. ట్రక్ వెనక తొట్టిలో ఇంకా ఒక్క సంచీ కూడా పెట్టలేదు, అప్పుడే 150 దాటిపోయావు. ఇది ఏ హిచ్చూ తీర్చగలిగేది కాదు. ఇంకా పెద్ద ముక్కాలు టన్ను ట్రక్ కొనుక్కోమని నేను అనను, నువ్వు ఇంటి అప్పులో ఉన్నావు. మీ అమ్మానాన్నల్ని మాకు వదిలెయ్యి. మీ పెద్దమ్మా నేనూ వాళ్ళను మా కారులో ఎక్కించుకుని నీ వెనకే వస్తాం. మా తమ్ముడితో దారి పొడుగునా కబుర్లు చెప్పుకుని ఎన్నేళ్ళయిందో. అప్పుడు నీకు 1,370 అవుతుంది. మిగిలిన 150లో తొట్టిలోకి ఏం కావాలో చూసుకో. జనరేటర్ మాత్రం అక్కడ వద్దు, ట్రైలర్లో ఇరుసుల మీదికి వచ్చేలా పెట్టు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అక్క బడిలో ఉన్న రోజుల్లో, ఒక జూన్ మధ్యాహ్నం, ఫోర్ట్‌వర్త్ నుంచి అమరిల్లో పోయే 287 రోడ్డు మీద చిల్డ్రెస్ దాటాం. అక్కడ గాలి ఎలా ఉంటుందో నువ్వే చూస్తావు, అడ్డం ఏమీ లేని బయలు. ట్రైలర్ వెనక బంపర్‌కు నాలుగు సైకిళ్ళు కట్టాను. నీళ్ళ ట్యాంకు ఇరుసుల వెనక ఉంటుంది, దాన్ని నిండా పట్టాను. వెనక బీరువా నిండా డబ్బాలు. ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగింది, మూడోసారికి ట్రక్కునే ఈడ్చింది. భయంతో నేను బ్రేకు తొక్కాను. ఊపు ఇంకా పెరిగింది. మీ పెద్దమ్మ వెనక్కి తిరిగి పిల్లల మీద చేతులు అడ్డం పెట్టింది. పక్క వరుసలో ఎవరూ లేకపోబట్టి బతికాం. బ్రేకు వదిలేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, ఊరికే చక్రం పట్టుకుని కూర్చున్నాక అది మెల్లగా సర్దుకుంది.

తర్వాత లారీలు ఆగే చోట తూకం వేయించాను. మొత్తం 6,850లో టంగ్ మీద 540. నూటికి 8 కూడా లేదు. అప్పటికి నా దగ్గర బరువు పంచే హిచ్ ఉంది. కొన్న దుకాణంలో "ఇది చాలు" అని ఇచ్చారు, నేను నమ్మాను. గొలుసులతో బిగించే మామూలు రకం, తోక ఊపు ఆపే ఏర్పాటు దానికి లేదు. ఆ ఏర్పాటు ఉన్న హిచ్ అయినా ఆ రోజు నన్ను పూర్తిగా కాపాడి ఉండేదని అనుకోను. సరుకు తప్పుగా సర్దిన బండికి అది ఊతకర్ర, అంతే. తాతయ్య ఉండి ఉంటే కాడి ఎత్తి చూసి ఒక్క క్షణంలో చెప్పేవాడు. ట్యాంకు ఖాళీ చేశాను, సైకిళ్ళు ట్రక్‌లోకి మార్చాను, డబ్బాలు ముందుకు తెచ్చాను. మళ్ళీ తూకం వేస్తే 6,400లో 800 వచ్చింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా ట్రైలర్ అలా ఊగింది లేదు.

నీకు ఎప్పుడైనా అలా జరిగితే, జరక్కూడదు కానీ, కాలు బ్రేకు మీదికి పోనివ్వకు. యాక్సిలరేటర్ వదిలెయ్యి, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, ఊపుకు ఎదురు తిప్పకు. బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, దాంతో ట్రైలర్ బ్రేకులు ఒక్కటే మెల్లగా వెయ్యి. ట్రైలర్ వెనక్కి లాగి బండిని తిన్నగా చేస్తుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్ళేలా ఖాళీ పార్కింగ్ స్థలంలో ఇద్దరూ అలవాటు చేసుకోండి.

ఇక ఏ హిచ్ కొనాలి. ముందు నీ ట్రక్ మాన్యువల్ చూడు. కొన్ని బండ్లకు ఈ రకం హిచ్ వాడవద్దని తయారీదారే రాస్తాడు. కొన్నిటికి ఒక బరువు దాటాక వాడి తీరాలంటాడు. హిచ్ దూర్చే వెనక రిసీవర్ మీద కూడా చిన్న అట్ట అంటించి ఉంటుంది. మామూలుగా మోస్తే ఎంత, బరువు పంచే హిచ్‌తో మోస్తే ఎంత అని దాని మీద రెండు వేర్వేరు అంకెలుంటాయి. పాకి వెళ్ళయినా అది చదివి నాకు చెప్పు.

బార్ల సైజు లెక్క ఇది. నిండిన ట్రైలర్ టంగ్ వెయిట్‌కు ట్రక్ వెనక ఇరుసు దాటి తొట్టిలో పెట్టే బరువు కలపాలి. నీకు 850కి ఇంకో 100 వేసుకుంటే 950. అంటే 1,000 పౌండ్ల బార్లు, 10,000 పౌండ్ల ట్రైలర్ దాకా పనికొచ్చేవి. 600 బార్లు పెడితే అవి వంగి ఊరుకుంటాయి, బరువు చాలినంత ముందుకు పోదు. అలాగని "ఎక్కువైతే మంచిదేగా" అని 1,400వి తెచ్చుకోకు. ఆ బార్లు వంగవు. గుంతలో పడ్డప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా ఎ-ఫ్రేముకూ రిసీవర్‌కూ తగులుతుంది. స్ప్రింగ్ అన్నది వంగాలి, వంగి తిరిగి రావాలి.

రకాలు చాలా ఉన్నాయి. చవకలో గొలుసు బార్లు, వాటికి విడిగా రాపిడి కడ్డీ ఒకటి తగిలించుకోవడం. ఆ కడ్డీని వెనక్కి నడిపే ముందు ప్రతిసారీ తీయాలి. మరిచిపోతే వంగిపోతుంది. క్యాంపు స్థలంలో చీకట్లో, పిల్లలు ఆకలిగా ఉన్నప్పుడు, మనిషి మరిచిపోయేది అలాంటివే. అందుకే నీకు అది వద్దంటాను. బార్లు గట్టి బ్రాకెట్ల మీద కూర్చుని, ఆ రాపిడితోనే తోక ఊపును పట్టి ఉంచే రకం ఉంది, ఈక్వలైజర్ లాంటివి. నాలుగు చోట్ల పట్టు ఉంటుంది, వెనక్కి నడిపేటప్పుడు ఏదీ తీయనక్కర్లేదు. మలుపుల్లో కిర్రుమంటుంది, అది చెడిపోయిన చప్పుడు కాదు, కంగారు పడకు. రీస్ వాళ్ళ డ్యూయల్ క్యామ్‌లో బార్ల కొసలు గుంటల్లో కూర్చుని బండిని తిన్నగా ఉండేలా లాగుతుంటాయి. అదీ మంచిదే, కానీ కుదర్చడానికి ఓపిక కావాలి. హెన్స్‌లీ, ప్రోప్రైడ్ అనేవి వేరే తరహా. ట్రైలర్ తిరిగే బిందువే బాల్ దగ్గర కాక ట్రక్ వెనక ఇరుసు వైపు జరిగినట్టు పనిచేసేలా లింకులతో కడతారు, ఊపుకు అసలు చోటే ఇవ్వవు. వేల డాలర్లవుతాయి, బరువూ ఎక్కువ. నీ 1,520లో వాటికి చోటు లేదు. నా మాట అడిగితే, నాలుగు చోట్ల పట్టుండే రాపిడి రకం 1,000/10,000 సైజులో తీసుకో.

కొనే ముందు ట్రైలర్ కింద ఒకసారి చూడు. గ్యాస్ సిలిండర్ల పళ్ళెం, బ్యాటరీ పెట్టె బ్రాకెట్లకు అడ్డం వస్తాయేమో కొలుచుకో. ట్రైలర్‌ను సమంగా నిలబెట్టి బాల్ మీద కూర్చునే కప్లర్ ఎత్తు కొలువు, దాన్ని బట్టే రిసీవర్‌లోకి దూరే షాంక్ దించాలో ఎత్తాలో తెలుస్తుంది. బాల్ కప్లర్‌కు సరిపడేది కావాలి. నీ ట్రైలర్‌కు 2 5/16 అంగుళాలది అయి ఉండాలి, కప్లర్ మీద అచ్చు వేసి ఉంటుంది చూడు. 2 అంగుళాల బాల్ మీద అది కూర్చున్నట్టే కనబడి గుంతలో ఎగిరి ఊడుతుంది.

బిగించడం డీలర్‌కు పూర్తిగా వదలకు, పక్కన నిలబడి చూడు. ట్రక్ ఒంటరిగా ఉన్నప్పుడు ముందు చక్రం పైన ఫెండర్ అంచుదాకా నేల నుంచి కొలువు. 37 అంగుళాలుందనుకో. ట్రైలర్ తగిలించి, బార్లు వేయకుండా కొలిస్తే 38 పావు అవుతుంది. బార్లు బిగించాక 37న్నరకు రావాలి. ముందు చక్రాలు పోగొట్టుకున్న బరువులో ఎంత తిరిగి రావాలో నీ ట్రక్ మాన్యువల్ చెబుతుంది, అదే పాటించు. మరీ బిగించి ముందును మొదటికన్నా కిందికి దించేస్తే వెనక చక్రాలు తేలికై మలుపులో జారతాయి. సరిపోకపోతే బాల్ తలకాయ వంపు మార్చాలి. ఆ పని బద్ధకించి ఇనుపకడ్డీతో బార్లను బలవంతంగా ఎక్కించేవాళ్ళను చూశాను. ఆ బార్లో ఉండే బలం చేతిలోంచి జారితే ఎముక విరుగుతుంది. కప్లర్ తాళం పడ్డాక జాక్‌తో ట్రైలర్ కొసనూ ట్రక్ వెనకనూ కలిపి పైకెత్తు. అప్పుడు బార్లు చేత్తోనే ఎక్కుతాయి. తీసేటప్పుడూ అంతే. ఆ సమయంలో పిల్లలు దగ్గరికి రాకూడదు, నువ్వు కాళ్ళు బార్ కింద పెట్టకూడదు.

టేపు కొలత సగం మాటే చెబుతుంది. మిగతా సగం తూకం చెప్పాలి. పెద్ద లారీ స్టేషన్లలో క్యాట్ స్కేల్ అని ఉంటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడూ విడివిడిగా ఒకే కాగితం మీద వస్తాయి. మూడుసార్లు తూచాలి. బార్లతో ఒకసారి, బార్లు వదిలేసి ఒకసారి, ట్రక్ ఒంటరిగా ఒకసారి. నా పాత కాగితాలు ఇంకా ఉన్నాయి. ట్రక్ ఒక్కటే ముందు 3,200, వెనక 2,600. ట్రైలర్ తగిలించి బార్లు లేకుండా ముందు 2,880, వెనక 3,720, ట్రైలర్ ఇరుసుల మీద 5,600. ట్రక్ మొత్తం 5,800 నుంచి 6,600 అయింది, ఆ తేడా 800 టంగ్ వెయిట్. ముందు చక్రాలు 320 పోగొట్టుకున్నాయి. బార్లు బిగించాక ముందు 3,080, వెనక 3,400, ట్రైలర్ 5,720. పోయిన 320లో 200 తిరిగొచ్చింది. వెనక ఇరుసు మీంచి ఆ 200, ఇంకో 120 కలిపి దిగిపోయాయి. నా ట్రక్ మాన్యువల్ సగమైనా తిరిగి రావాలంది, అంతకంటే కాస్త ఎక్కువే వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు తాతయ్య కాడి ఎత్తి దించి తల ఊపినట్టనిపించింది నాకు.

మిగతావి నీకు తెలుసు, అయినా అంటాను. భద్రత గొలుసులు కప్లర్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేయాలి. మొదటి యాభై మైళ్ళకు ఆగి బోల్టులన్నీ మళ్ళీ చూడాలి. ట్రైలర్ టైర్ల మీద వేరే వేగం రాసి లేకపోతే 65 దాటకు. దారిలో వచ్చే రటోన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు. దిగేటప్పుడు కింది గేర్‌లో దిగు, వెనక ఎవరు హారన్ కొట్టినా తొందరపడకు. గాలి మరీ ఎక్కువగా ఉంటే అమరిల్లోలో ఆగిపోదాం. ఒక రాత్రి ఆలస్యమైతే కొండలు ఎక్కడికీ పోవు.

శనివారం పొద్దున ఏడింటికి వస్తాను. ట్రైలర్ ఖాళీగా పెట్టకు. కోడలు నిజంగా తీసుకెళ్ళేవన్నీ, కుక్కర్లు, బియ్యం సంచీ, పిల్లల సైకిళ్ళు అన్నీ ఎక్కించి ఉంచు, నీళ్ళు పట్టు, సిలిండర్లు నింపు. ట్రక్‌లో నలుగురూ కూర్చోండి, మూడు తూకాలూ వేయిద్దాం. ఆ అంకెలు చేతికొచ్చాకే డీలర్ దగ్గరికి. అప్పటిదాకా 600 బార్లకు డబ్బు కట్టకు. మీ పెద్దమ్మ పులిహోర చేసి తెస్తానంటోంది, అందరం ఆ లారీ స్టేషన్ దగ్గరే తిందాం.

మీ
పెదనాన్న